రంగుతో వేసిన టైల్స్

మా ఆయన పేరు దేవకుమార్. సినిమాలు చూసేవాళ్ళకు ఆ పేరు తెలియదు గానీ, ఆయన చేతిపని చూడనివాళ్ళు ఉండరు. హీరోయిన్ మెట్లు దిగి వచ్చే పాలరాతి హాలు, జమీందారు గారి టేకు తలుపులు, పెచ్చులూడిన పోలీసు స్టేషన్ గోడ, అవన్నీ ప్లైవుడ్ మీద రంగులే. ఆ రంగులు వేసేవాళ్ళలో ఆయన ఒకరు. ముఖ్యంగా పాలరాయి కావాలంటే దేవకుమార్‌ని పిలవండి అనేవారు. తెల్ల రంగు తడి ఆరకముందే కోడి ఈకతో బూడిద రంగు చారలు లాగేవారు. చార తిన్నగా వచ్చిందంటే తుడిచేసి మళ్ళీ లాగేవారు.

"రాయిలో చార దారి తప్పినట్టు ఉండాలే. తిన్నగా ఉంటే అది రాయి కాదు, రూళ్ళ పుస్తకం" అనేవారు నాతో.

ఆయనది నరసాపురం పక్క పల్లెటూరు. పెళ్ళికి ముందు అక్కడ పడవలకు రంగులు వేసి, పేర్లు రాసేవారు. ఆ ఊరి చర్చి పెద్ద ఒకాయన తమ్ముడు స్టూడియోలో వడ్రంగి. ఆ వడ్రంగి వెంట ఈయన హైదరాబాద్ వచ్చి, ఫిల్మ్ నగర్ బస్తీలో కొమురమ్మ గారి మేడ మీది వాటాలో దిగారు. పెళ్ళయ్యాక నేనూ ఆ వాటాలోకే వచ్చాను. కిటికీ తీస్తే పైన బండరాళ్ళ మీద జూబ్లీహిల్స్ బంగళాలు, కింద మా రేకుల ఇళ్ళు. కొమురమ్మ గారు కింద వాటాలో ఉంటారు. భర్త పోయిన మనిషి, నోరు పెద్దది, చెయ్యి కూడా పెద్దదే. మా జెరూష పుట్టినప్పుడు మా అమ్మ రాలేకపోతే, పిల్లకు నలుగు పెట్టి స్నానం పోసింది ఆవిడే. అప్పటినుంచీ నన్ను జెరూషమ్మా అనే పిలుస్తారు. నా పేరు ఆవిడకు గుర్తుందో లేదో కూడా నాకు తెలియదు.

సెట్టు పనిలో ఒక పద్ధతి ఉంది. పాత రంగును ఎవరూ గీకరు. ఒక సినిమా అయిపోగానే ఆ ప్లైవుడ్ గోడలను ఇంకో సినిమాకు వాడతారు. పాత రంగు మీదే కొత్త రంగు కొట్టేస్తారు. అలా ఒక చెక్క మీద ఎన్ని ఇళ్ళు, ఎన్ని గుళ్ళు ఉంటాయో లెక్క ఉండదు. ఒకసారి నన్నూ జెరూషనూ స్టూడియోకు తీసుకువెళ్ళి ఒక గోడ అంచు చూపించారు. అక్కడ చెక్క విరిగి, రంగులు పొరలు పొరలుగా కనిపిస్తున్నాయి.

"ఇదిగో, పైన ఆసుపత్రి. దాని కింద కోర్టు. దాని కింద పెళ్ళి మంటపం" అన్నారు.

జెరూష గోటితో గీకడం మొదలుపెట్టింది. "నాన్నా, పెళ్ళి మంటపం దొరికింది! ఎర్రగా ఉంది."

"ఉంటుందమ్మా. పైన ఎంత వేసినా కింద ఉన్నది కిందే ఉంటుంది. ఎక్కడికీ పోదు."

ఆయన ఈ మాట గట్టిగా నమ్మేవారు. ఆయన చదువు అదే.

మా బాత్రూములో షవర్ ఉన్న మూల గోడకు అప్పట్లో సున్నమే. తడిసి తడిసి రాలేది. జెరూష ఏడో తరగతిలో ఉండగా, మధురానగర్‌లో తన క్లాసు అమ్మాయి ఇంటికి వెళ్ళి వచ్చి గొడవ పెట్టుకుంది.

"నాన్నా, సెట్లో వాళ్ళకేమో పాలరాతి బాత్రూము వేసిపెడతావు. మనకేమో సున్నం గోడా?"

"అది స్నానం చెయ్యడానికి కాదే తల్లీ. చేసినట్టు చూపించడానికి."

"అయితే మనకి కూడా టైల్స్ ఉన్నట్టు చూపించు."

ఆయన నవ్వి, మర్నాడు సెట్లో మిగిలిన ఎనామిల్ రంగు డబ్బాలు పట్టుకొచ్చారు. రాలే సున్నం గీకి, లప్పం పెట్టి, తెల్ల ప్రైమర్ కొట్టి, దానిమీద నీలం వేశారు. ఒక్కొక్క టైల్‌కూ ఒక మూల వెలుగు పడ్డట్టు సన్నని తెల్ల మెరుపు, ఇంకో మూల చిన్న నీడ. టైల్‌కూ టైల్‌కూ మధ్య గీతలు మాత్రం జెరూష గీసింది. స్టూలు మీద నిలబడి, నాలుక బయటపెట్టి, సన్న కుంచెతో గీస్తుంటే, ఆయన వెనక నిలబడి పట్టుకున్నారు. కుళాయి పైన ఒక వరుస దగ్గర ఆయనేదో జోకు వేశారు. పిల్ల నవ్వింది, చెయ్యి కదిలింది, గీత కిందికి జారిపోయింది.

"సరిచేస్తాను, ఇటివ్వు" అన్నారాయన.

"వద్దు, ఉండనీ. మేస్త్రీ తాగొచ్చాడని చెబుదాం."

ఆ గోడ ఎవరికి చూపించినా చెయ్యి పెట్టి చూసేవాళ్ళు. చల్లగా తగలాల్సింది తగలకపోయేసరికి వాళ్ళ ముఖాలు చూసి జెరూష పడీ పడీ నవ్వేది.

తొమ్మిదో తరగతిలో, వానాకాలం, దానికి జ్వరం వచ్చింది. మామూలు జ్వరం అనుకున్నాం. మెదడుకు ఎక్కిందన్నారు ఆసుపత్రిలో. వారం తిరగకుండా పోయింది. ఇంతకంటే ఎక్కువ రాయడం నాకు చేతకాదు.

పిల్ల బట్టలు పాస్టరమ్మగారు హాస్టల్ పిల్లలకు తీసుకువెళ్ళారు. పుస్తకాలు కింది వీధి పిల్లలకు ఇచ్చేశాం. సైకిలు మా మరిది కొడుకు తీసుకువెళ్ళాడు. ఇంట్లో దాని చెయ్యి పడిన వస్తువంటూ మిగిలింది ఆ గోడ ఒక్కటే. నేను స్నానానికి వెళ్ళి, షవర్ విప్పి, ఆ వంకర గీత మీద వేలు పెట్టుకుని నిలబడేదాన్ని. నీళ్ళ చప్పుడులో మనిషి చప్పుడు బయటికి వినిపించదు. ఆయన వెళ్ళినా అంతే, ఎంతకీ వచ్చేవారు కాదు. లోపల ఏం చేస్తున్నారని నేను అడగలేదు, నన్ను ఆయన అడగలేదు. అలా మా ఇద్దరి స్నానాలూ పొడుగయ్యాయి. తడి గోడలోకి దిగింది.

మరుసటి ఎండాకాలం ఒకరోజు పొద్దున్నే కింది నుంచి కేక వినిపించింది.

"జెరూషమ్మా! ఓ జెరూషమ్మా! జర కిందికి రా బిడ్డా."

వెళ్ళాను. కొమురమ్మ గారి దేవుడి అర, అంటే పూజగది, మా బాత్రూముకు సరిగ్గా కింద ఉంటుంది. అరలో ఎల్లమ్మ పటం, పసుపు రాసిన కుండ, దీపం. పైకప్పు తడిసి మచ్చ కట్టింది. అక్కడినుంచి ఒక చుక్క ఉబ్బి, వేలాడి, పటం మీద పడింది.

"సూసినవా? ఎల్లమ్మ నెత్తి మీద పడ్తున్నయ్ మీ స్నానం నీళ్ళు."

"అయ్యో, పటం పక్కకు జరపకపోయారా అమ్మా?"

"జరిపిన. గాడికి గూడ వచ్చింది చుక్క. ఎల్లమ్మను నేనెంత దూరం తిప్పాలె చెప్పు? ఆషాఢంల బోనం గీ అర్రల నుంచే ఎత్తాలె. మా అత్త ఎత్తింది గీడికెల్లే, నేను ఎత్తుతున్న గీడికెల్లే. మనుషుల మీద పడితే తుడుసుకుంటరు. దేవునిమీద పడితే నేనేం జెయ్యాలె?"

ఆవిడ గొంతు తగ్గించారు.

"ప్లంబర్ పైపులు మంచిగనే ఉన్నయన్నడు. గోడే నీళ్ళు తాగుతున్నదంట. మా పెద్దోడు టోలిచౌకిల టైల్స్ పట్టుకొస్తడు. మీరు పైసలేం పెట్టకున్రి, ఫికర్ చెయ్యకున్రి. కానీ బోనాల లోపల టైల్స్ పడాలె. లేదంటే ఇంకో ఇల్లు సూస్కోన్రి బిడ్డా. ఏమనుకోకు."

ఆవిడ తప్పేమీ లేదు. నేను పైకి వచ్చి ఆయనకు చెప్పాను. అన్నం ముందు కూర్చున్న మనిషి చెయ్యి కడిగేసుకున్నారు.

"ఇల్లు మారితేనో?" అన్నాను.

"గోడని ఎలా పట్టుకెళ్తామే?"

ఉంటే గోడ పోతుంది, వెళితే గోడ ఇక్కడే ఉండిపోతుంది. మాకున్నవి ఆ రెండు దారులే.

ఆ వారంలోనే కొమురమ్మ గారు టైల్స్ మేస్త్రీని తీసుకొచ్చారు. పేరు శ్రీకృష్ణ, రహమత్ నగర్ మనిషి. సంచిలో ఉలి, సుత్తి, తాపీ. బాత్రూములోకి తొంగిచూసి వెనక్కి తిరిగాడు.

"ఏందమ్మా, టైల్స్ మంచిగనే ఉన్నయ్ గదా. టైల్స్ మీద టైల్స్ ఏస్కుంటరా?"

కొమురమ్మ గారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. "తట్టి సూడు కొడుకా."

వేలి కణుపుతో తట్టాడు. తట్టి, మళ్ళీ తట్టి, అరచెయ్యి పెట్టి రుద్దాడు. "ఓర్నీ! రంగు! ఎవరు ఏసిండ్రన్నా?"

"నేనే" అన్నారు మా ఆయన.

"జబర్దస్త్ ఉందన్నా. నా కండ్లనే మోసం జేసినవ్." దగ్గరికి వంగి చూసి పకపకా నవ్వాడు. "గీ వరుస మాత్రం ఏందన్నా, తాగి ఏసినవా?"

మా ఆయన తల అటు తిప్పేసుకున్నారు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. పాపం ఆ మనిషికి ఏం తెలుసు? కొమురమ్మ గారికీ తెలియదు, ఆ గీతలు పిల్ల గీసిందని మేమెప్పుడూ చెప్పలేదు. జెరూష ఉన్నప్పుడు అది మా ముగ్గురి జోకు. తరువాత చెప్పుకోవడానికి నోరు రాలేదు.

శ్రీకృష్ణ గొంతు నాకు వినిపిస్తూనే ఉంది. "ఆయిల్ పెయింటు మీద సిమెంటు పట్టదన్నా. నున్నగుంటది. ఉలి పెట్టి గోడంతా గాట్లు గొట్టాలె. రంగు పోవాలె, లప్పం పోవాలె, సిమెంటు గోడ కనవడాలె. గప్పుడే టైల్ పట్టుకుంటది."

"గమ్ముతో అంటిస్తే? రంగు మీద కూడా నిలిచే గమ్ము వచ్చిందంట కదా?"

"గమ్ము రంగును పట్టుకుంటది. మరి రంగును ఎవరు పట్టుకోవాలె? గోడ దాన్ని ఎప్పుడో ఇడిసిపెట్టింది. గిదిగో, గీడ సూడు, ఉబ్బింది."

సంచిలోంచి ఇనుము తీసిన చప్పుడైంది. నేను పరుగెత్తుకొచ్చేసరికి మా ఆయన అతని చెయ్యి పట్టుకుని ఉన్నారు.

"ఆగు తమ్ముడూ. ఈ పని నేనే చేసుకుంటాను."

"నువ్వా? ఏమనుకోకన్నా, నీది సెట్టు పని. గాడ గోడ పడేలోపల షూటింగ్ అయిపోతది. గీడ రోజూ స్నానం జెయ్యాలె."

"చేసుకుంటానన్నాను కదా."

శ్రీకృష్ణ కోపం తెచ్చుకోలేదు. సంచి భుజాన వేసుకున్నాడు. "సరే, నీ ఇష్టం. పడినంక ఫోన్ చెయ్." కొమురమ్మ గారు అనుమానంగా చూశారు. "నీకు తాపీ పట్టుడు వస్తదా కొడుకా?" అంటే, "వస్తుందమ్మా, మీకెందుకు" అన్నారు ఈయన. టైల్స్ పడితే చాలని ఆవిడ ఊరుకున్నారు.

ఆ రాత్రి నాకు చెప్పారు ఏం చేయబోతున్నారో. గోడను కొట్టరు. గీకరు. రంగు మీదే అంటిస్తారు, సెట్లో చేసినట్టు.

"కనబడదనేగా నీ బాధ? కనబడకపోతే పోయినట్టు కాదే. కింద ఉంటుంది. ఎక్కడికి పోద్ది? రేపు ఈ ఇల్లు మనమే కొనుక్కున్నామనుకో, పైవి తీసేస్తే కింద అట్టానే ఉంటుంది."

మేము ఇల్లు కొనుక్కునేవాళ్ళం కాదని ఇద్దరికీ తెలుసు. అయినా ఆ మాట నాకు బాగుంది. ఇంకేం పట్టుకోమంటారు?

పనికి సెలవు పెట్టి మొదలుపెట్టారు. ముందు సబ్బునీళ్ళతో, మెత్తటి పాత చీర ముక్కతో గోడంతా తుడిచారు. టేబుల్ ఫ్యాను బాత్రూము గుమ్మంలో పెట్టి ఆరబెట్టారు. ఉబ్బిన చోటల్లా సూదితో పొడిచి, ఇంజెక్షన్ సిరంజితో జిగురు ఎక్కించి, బొటనవేలితో అదిమి పట్టుకుని కూర్చున్నారు. గరుకు కాగితంతో పైన కాస్త రుద్దితే గమ్ము పట్టు ఉంటుందని షాపువాడు చెప్పాడట. గరుకు కాగితం చేతిలోకి తీసుకున్నారు. గోడ మీద పెట్టారు. రుద్దలేకపోయారు. మడిచి పక్కన పడేశారు. దానికి బదులు, కింద ఉన్న రంగు చెడకూడదని, దానిమీద వార్నిష్ కొట్టారు. సెట్లో ఖరీదైన పని మీద అలాగే కొడతారు. ఏ టైల్స్ మేస్త్రీ చేయని పని అది. నున్నటి గోడ ఇంకా నున్నగా అద్దంలా అయింది. ఎంత అందంగా ఉందంటే, ఆ నీలం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదనిపించింది.

కింది నుంచి వరుసగా అంటించుకుంటూ వచ్చారు. కొమురమ్మ గారి అబ్బాయి తెచ్చినవి మీగడ రంగు టైల్స్, మంచివే. కుళాయి పైవరుసకు వచ్చేసరికి నన్ను పిలిచారు.

"చూసుకో."

చూశాను. ఆయన కూడా చూశారు. తరువాత గమ్ము రాసిన టైల్ తీసి దానిమీద పెట్టి, అరచేత్తో నొక్కారు. చాలాసేపు అలాగే నొక్కి ఉంచారు.

బోనాలకు కొమురమ్మ గారి అర పొడిగా ఉంది. పసుపు చీర కట్టుకుని, వేపాకులు పెట్టిన బోనం నెత్తిన పెట్టుకుని, డప్పుల ముందు నడిచారు. మాకు గిన్నెలో అన్నం, కూర పంపి, "నీ మొగడు మంచి పనిమంతుడే జెరూషమ్మా" అని గుమ్మంలోంచి అరిచారు.

మేము మాత్రం ఆ బాత్రూములో చుట్టాల్లా మసిలాం. షవర్ విప్పడం మానేశాం. బకెట్టు దూరం మూలకు లాక్కుని, పీట మీద కూర్చుని, గోడకు చుక్క తగలకుండా చెంబుతో పోసుకునేవాళ్ళం. ఆయన పనికి వెళ్ళాక నేను ఒక్కొక్క టైలూ తట్టి చూసేదాన్ని. గట్టిగా ఉన్నది ఒక రకంగా మోగుతుంది, డొల్లగా ఉన్నది ఇంకో రకంగా మోగుతుంది. మొదట్లో కుళాయి పక్కది ఒక్కటే డొల్లగా మోగింది. తరువాత దాని పక్కది. వానలు పట్టాక, బయటి గోడ నుంచి కూడా తడి దిగింది కాబోలు, చేత్తో తట్టిన చోటల్లా డొల్లే. ఆయన కూడా తడుతున్నారని నాకు తెలుసు. టైల్స్ మీద ఆయన వేళ్ళ రంగు మరకలు ఉండేవి. ఆ బాత్రూము తలుపు మెల్లగా వెయ్యడం నేర్చుకున్నాం.

ఒక పొద్దున ఆయన చొక్కా వేసుకుంటున్నారు. నేను ఉప్మాకు రవ్వ వేయిస్తున్నాను. కంచాల స్టాండు కూలిపడ్డట్టు చప్పుడైంది. పొయ్యి అలాగే వదిలేసి పరుగెత్తాను.

టైల్స్ ఒకటొకటిగా పడలేదు. దుప్పటి జారినట్టు గోడ మీద నుంచి అంతా ఒక్కసారిగా జారింది. కింద కుప్ప. గోడ మీద నీలం లేదు. తడి తడిగా, మచ్చలు మచ్చలుగా లప్పం, సిమెంటు. నాకు ముందు అర్థం కాలేదు, రంగు ఎక్కడికి పోయిందా అని. ఆయన వంగి ఒక పెంకు తీసి వెనక్కి తిప్పారు. వెనకవైపు బూడిద రంగు గమ్ము, గమ్ము మీద పలచగా తెల్లటి చర్మంలాంటిది. అది మేము వేసిన ప్రైమర్. అంటే రంగు వెనకభాగం. నీలమూ, మెరుపులూ, గీతలూ అన్నీ అటువైపు, గమ్ములోకి ముఖం పెట్టి అంటుకుపోయి ఉన్నాయి. మాకు కనిపిస్తున్నది దాని వీపు.

శ్రీకృష్ణ చెప్పినట్టే జరిగింది. గమ్ము రంగును వదల్లేదు. గోడ వదిలేసింది.

ఆయన ఆ రోజు పనికి పోలేదు. నేల మీద కూర్చుని, కుళాయి పైవరుస పెంకులు ఏరి, ముందు వేసుకున్నారు. గోటితో లేపడానికి చూశారు. పొడి రాలింది. బ్లేడుతో చూశారు. నీలం రవ్వలు రాలాయి. వేడినీళ్ళలో నానబెడతానంటే నీళ్ళు కాచి ఇచ్చాను. గమ్ము కదల్లేదు, రంగు ముక్కలు ముక్కలైంది. చివరికి థిన్నర్ డబ్బా తీశారు.

"థిన్నర్ పడితే రంగు ఉంటుందాండీ?" అన్నాను.

"ఉండదు" అన్నారు. అని, పోశారు.

గమ్ము అలాగే ఉంది. నీలం కరిగి ఆయన వేళ్ళ మధ్య నుంచి కారి, జాలీలోకి పోయింది. ఫోను మోగుతూనే ఉంది, సెట్టు నుంచి. ఎత్తలేదు.

పొద్దుటి ఆ చప్పుడు విన్న కొమురమ్మ గారు ఎట్టకేలకు మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి వచ్చారు. "ఏంది, భూకంపం వచ్చిందా? నీ పనితనం మన్నువడ, గా మేస్త్రి చెప్తనే ఉండె..." అంటూ గుమ్మం దాకా వచ్చి, ఆయన్ను చూసి ఆగిపోయారు. నన్ను పక్కకు లాగారు. "ఏమైంది బిడ్డా? గట్ల కూసున్నడేంది?"

అప్పుడు చెప్పాను. ఆ గీతలు ఎవరు గీశారో, ఆ వరుస ఎందుకు వంకర పోయిందో.

ఆవిడ గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నారు. "గిదా సంగతి. నాకొక్క మాట జెప్పకపోతిరి? నేనేమన్న పరాయిదాన్నా? నా చేతుల మీద పెరిగిన పిల్ల. ఎల్లమ్మను మా చిన్నోని ఇంటికి తోల్కపోయేదాన్ని గదనే. ఆమెకు తెల్వదా కడుపుకోత?" నుదుటి మీద కొట్టుకున్నారు. "ఇప్పుడన్న ఎల్లమ్మను తీస్కపోదాం తియ్. మిగిలింది ఉంచుకోన్రి. నీళ్ళు పడితే పడనియ్."

మా ఆయన తల ఎత్తలేదు. "ఇప్పుడేం మిగిలిందమ్మా ఉంచుకోడానికి. మేస్త్రీని పిలవండి."

శ్రీకృష్ణ వచ్చాడు. ఈసారి నవ్వలేదు, ముందే చెప్పిన గదా అని కూడా అనలేదు. కొమురమ్మ గారు కిందే చెప్పి ఉంటారు. అడుగున ఒక మూల కాస్త నీలం ఇంకా గోడకు అంటుకుని ఉంది, ఉత్త రంగు, గీతలు లేనిది. "గిది గూడ కొట్టాల్నా అన్నా?" అని అడిగాడు. "కొట్టాలన్నావు కదా" అని, అతని సంచిలోంచి ఇంకో ఉలి తీసుకుని ఆయనే మొదలుపెట్టారు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని కొట్టారు. ఉలి పెట్టడం, సుత్తితో వెయ్యడం, పెచ్చు ఎగరడం. నేను బయట వరండాలో కూర్చుని బియ్యం ఏరాను. సాయంత్రానికి గోడంతా గాట్లు. ఏ రంగూ లేదు. తరువాత శ్రీకృష్ణ సిమెంటు తడిపి, అదే రంగు టైల్స్ కొత్తవి తెచ్చి వేశాడు. తిన్నగా, నీళ్ళు పోకుండా, ఒక్కటీ డొల్ల లేకుండా.

మా ఆయన మళ్ళీ సెట్టుకు వెళ్ళారు. కానీ పని సాగలేదు. రంగు మార్చమని గోడ ఇస్తే, దాన్ని ముందు గీకడం మొదలుపెట్టేవారట. పై పొర, దాని కింది పొర, దాని కిందిది, చెక్క కనబడేదాకా. పూటంతా దానికే పోయేది. ఆర్ట్ డిపార్ట్‌మెంటులో పృథ్వీరాజ్ అని కుర్ర అసిస్టెంటు, మంచివాడే, మా ఇంటికి వచ్చి నాతో అన్నాడు.

"అక్కా, అన్నకి మీరైనా చెప్పండి. దానిమీదే కొట్టెయ్ అన్నా, కెమెరాకి ఏం కనబడుతుంది అంటే వినడు. కింద పట్టు లేదు, పైది నిలవదు అంటాడు. మాకు రేపు పొద్దున షూటింగ్. డైరెక్టర్ గారొచ్చి నిలబడితే చెక్కలు చూపించమంటారా?"

"చెబుతానయ్యా" అన్నాను. చెప్పాను కూడా. ఆయన విన్నారు, సరే అన్నారు, మర్నాడు మళ్ళీ గీకారు. మెల్లమెల్లగా ఫోన్లు రావడం తగ్గింది. ఇప్పుడు సెట్లు కూడా ఎన్నని వేస్తున్నారు? ఆకుపచ్చ గుడ్డ కట్టి పాలరాయి కంప్యూటర్లో వేస్తున్నారట. ఈయన లేని లోటు ఎవరికీ తెలియలేదు.

శ్రీకృష్ణే దారి చూపించాడు. జూబ్లీహిల్స్ బంగళాల్లో బాత్రూములు మార్చుకునేవాళ్ళకు కొదవ లేదు. గోడల మీది పాత రంగు ఊడగొట్టించి టైల్స్ వేయించుకుంటారు. ముందు ఆ రంగును ఉలితో ఊడగొట్టే మనిషి కావాలి. రాయిలా కూర్చుని రోజంతా ఉలి పట్టగలిగిన వాళ్ళు దొరకరట. కోడి ఈక పట్టిన చేతులు ఇప్పుడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా గాట్లు కొడుతున్నాయి. దుమ్ము కొట్టుకుపోయి, కనుబొమ్మలు తెల్లబడి, ఇంటికి వస్తారు. స్నానానికి వెళితే ఇట్టే వచ్చేస్తారు. నేనూ అంతే. అక్కడ నిలబడటానికి ఏమీ లేదు.

నిన్న కూడా అలాగే వచ్చారు. అన్నం పెట్టి ఎదురుగా కూర్చున్నాను.

"ఇవాళ ఎక్కడండీ?"

"పైన, గుట్ట మీద. పెద్ద ఇల్లు."

"ఏం రంగు?"

"ఆకుపచ్చ. పిల్లల బాత్రూము. చేపలు వేసుకున్నారు గోడ మీద."

నేను ఇంకో గరిటె పప్పు వేశాను. ఆయన పప్పు కలుపుకున్నారు.

"తేలిగ్గానే ఊడింది" అన్నారు.

మజ్జిగ పొయ్యమంటారా అని అడిగాను. వద్దన్నారు.